లెక్క ఉన్న తుపాకీ, లెక్క లేని తుపాకీ

ఏజెన్సీలో పుట్టిన మనకు తుపాకీ కొత్త వస్తువు కాదు. తాతల కాలంలో కొన్ని ఇళ్ళల్లో నాటు తుపాకీ ఉండేది, ఠాణాలో పోలీసు భుజాన సర్కారు తుపాకీ ఉండేది. ఇప్పుడు సంతకు వెళ్ళినా, ఘాట్ రోడ్డు మీద బస్సు ఆపినా, ఓటు వేయడానికి బడికి వెళ్ళినా సర్కారు తుపాకీ కంటబడుతుంది. ఒకప్పుడు దాన్ని మోసినవాడు ఎక్కడి నుంచో వచ్చిన మనిషి. మన మాట రాదు, మన దారి తెలియదు. ఇవాళ అదే తుపాకీ మోస్తున్నది మన కోయ పిల్లవాడో, భగతల అబ్బాయో, గోండుల అమ్మాయో కావచ్చు. కానిస్టేబుల్ పరీక్షకు తెల్లవారుజామున పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలు ఇప్పుడు ప్రతి గిరిజన హాస్టల్లోనూ ఉన్నారు.

తుపాకీ పట్టిన వీరుల గురించి మనకు కథలు చాలా ఉన్నాయి. తుపాకీ వల్ల చచ్చిపోయినవాళ్ళ గురించి ఏడుపులు కూడా ఉన్నాయి. కానీ సర్కారు తన ఉద్యోగి చేతికి తుపాకీ ఎలా ఇస్తుంది, ఎవరు లెక్క రాస్తారు, ఎప్పుడు వెనక్కి తీసుకుంటుంది, ఆ లెక్క తప్పితే ఎవరి ఇల్లు కాలుతుంది అనే సంగతి మనం కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ. ఈ వ్యాసంలో ఆ చరిత్రనే చెప్పుకుందాం. నూట నలభై ఏళ్ళకు పైబడిన ఈ చరిత్రలో మాకు కనిపించింది ఒక్కటే. లెక్క ఉన్న తుపాకీ కూడా ప్రమాదమే. లెక్క లేని తుపాకీ మాత్రం ఎప్పుడు పేలినా మొదట మన ఊరి మీదే పేలింది.

ఇచ్చిన తుపాకీ ఎవరిది?

ముందు ఒక చిన్న సంగతి తెలుసుకోవాలి. పోలీసు చేతిలో ఉన్న తుపాకీ ఆ పోలీసుది కాదు. అది సర్కారుది. అతను డ్యూటీ ఎక్కేటప్పుడు తీసుకుంటాడు, దిగేటప్పుడు అప్పజెబుతాడు. తుపాకులు దాచే గదిని మన జిల్లాల పోలీసులు బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు, ఉత్తరాది బలగాలవాళ్ళు కోత్ అంటారు. ఆ గదికి తాళం ఉంటుంది, కాపలా ఉంటుంది, ఒక రిజిస్టరు ఉంటుంది. ప్రతి తుపాకీ మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. ఏ నంబరు తుపాకీ, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరి చేతికి, ఎన్ని రౌండ్లతో వెళ్ళిందో రాసి సంతకం తీసుకోవాలి. తిరిగి వచ్చినప్పుడు మళ్ళీ తుపాకీ చూడాలి, రౌండ్లు లెక్కపెట్టాలి. తగ్గితే ఎందుకు తగ్గిందో చెప్పాలి. పేలిన తూటా తాలూకు ఖాళీ గుల్లలు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇదంతా గుమాస్తా పనిలా కనిపిస్తుంది. మన షావుకారు ఖాతా పుస్తకం చూసినవాళ్ళకు రాతలో ఉన్న బలం తెలుసు. అప్పు రాసిన పుస్తకం షావుకారు చేతిలో ఉంటే ఆ రాత మనల్ని కట్టేస్తుంది. తుపాకీ రిజిస్టరు సర్కారు చేతిలోనే ఉన్నా, ఆ రాత సర్కారునే కట్టేస్తుంది. ఏ తూటా ఏ తుపాకీలోంచి వచ్చింది, ఆ తుపాకీ ఆ రోజు ఎవరి దగ్గర ఉంది అని కోర్టు అడిగితే జవాబు దొరికేది ఆ పుస్తకంలోనే. ఆ పుస్తకం సరిగ్గా లేకపోతే చచ్చిపోయినవాడు ఉంటాడు, చంపినవాడు ఉండడు.

చట్టం వచ్చిన మరుసటి ఏడు

1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. ఈ దేశపు మనిషి తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలని ఆ చట్టం చెప్పింది. తెల్లవాళ్ళకు మాత్రం దాదాపుగా ఆ బాధ లేదు. అంటే తుపాకీ అనేది సర్కారు మనిషి చేతిలో ఉంటే న్యాయం, మిగతావాళ్ళ చేతిలో ఉంటే నేరం అని గీత గీశారు. 1857 తిరుగుబాటు భయం ఇంకా వాళ్ళను వదల్లేదు.

ఆ మరుసటి ఏడే, 1879 మార్చిలో, రంప కొండలు లేచాయి. మనసబుదారు దోపిడీ, కల్లు మీద చిగురు పన్ను, కింది నుంచి వచ్చిన వ్యాపారుల మోసాలు, వాళ్ళకు కొమ్ము కాసిన పోలీసులు. ఇవన్నీ కలిసి ముఠాదారులనూ రైతులనూ ఒకటి చేశాయి. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి లాంటి వాళ్ళు ముందు నడిచారు. వాళ్ళు మొదట పడింది ఠాణాల మీదే. అడ్డతీగల ఠాణా తగలబడింది. ఊళ్ళో కనబడే సర్కారు అంటే ఠాణా, ఠాణా అంటే తుపాకీ కాబట్టి కోపం అక్కడికే వెళ్ళింది.

ఇందులో మనం గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఆ పోలీసు చేతికి తుపాకీ ఇచ్చినవాడు మద్రాసులో ఉన్నాడు. ఆ తుపాకీ బెదిరింపుతో కోళ్ళు, మేకలు, వెట్టి గుంజుకుంటున్నది మాత్రం కొండ మీద. అక్కడ ఏం జరుగుతోందో మద్రాసు రిజిస్టర్లలో ఏ కాలమ్‌లోనూ రాయరు. పేలకపోయినా తుపాకీ పని చేస్తుంది. భుజాన వేలాడుతూనే భయపెడుతుంది. సర్కారు లెక్కలో తూటా తగ్గదు, మన ఇంట్లో మేక తగ్గుతుంది. ఈ రకం వాడకానికి ఈనాటికీ రిజిస్టరు లేదు.

చింతపల్లి ఠాణా పుస్తకంలో రాత

నలభై మూడేళ్ళ తరువాత అదే కొండల్లో మరో తిరుగుబాటు. గూడెం తాలూకాలో డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు జనాన్ని తోలి, కూలి సరిగ్గా ఇవ్వక, కొరడాతో పని చేయించిన కాలం అది. పోడు మీద అటవీ ఆంక్షలు అప్పటికే ఊపిరాడనివ్వడం లేదు. అల్లూరి సీతారామరాజు వెనుక గాం గంటందొర, మల్లుదొర, ఇంకా ఎందరో కొండవాళ్ళు నిలబడ్డారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద పడి 11 తుపాకులు తీసుకున్నారు. 23న కృష్ణదేవిపేటలో 7. 24న రాజవొమ్మంగిలో 8. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. రాజవొమ్మంగిలో బంధించి ఉంచిన మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. ఇదంతా మన పిల్లలకు పాఠాల్లో ఉంది. కానీ మనం పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. రాజు ఠాణా పుస్తకం తెప్పించి, ఏమేం తీసుకున్నదీ అందులో రాసి సంతకం పెట్టాడు.

ఎందుకు రాశాడు? ధైర్యం చూపించడానికి అని చాలామంది చెబుతారు. ఉండవచ్చు. మాకు దానితోపాటు మరో రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, ఆ రాత లేకపోతే శిక్ష ఎవరికి పడుతుంది? ఠాణాలో ఉన్న చిన్న జీతగాడికి. నువ్వే అమ్ముకున్నావు, నువ్వే దాచావు అని పై అధికారి అంటే అతను ఏం చూపించగలడు? రెండవది, రాత లేకపోతే ప్రతి దొంగతనం, ప్రతి హత్య కొండవాళ్ళ నెత్తినే పడుతుంది. ఇన్ని తుపాకులు మా దగ్గర ఉన్నాయి, ఇంతకు మించి లేవు అని రాసి ఇవ్వడం తన మనుషులను కాపాడుకోవడం కూడా. ఇది మా ఊహ. రాజు మనసులో ఏముందో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ పని వల్ల మనకు దక్కింది మాత్రం స్పష్టం. వంద సంవత్సరాలు దాటినా 11, 7, 8 అని మనం ఈనాడు చెప్పగలుగుతున్నామంటే ఎవరో లెక్క రాశారు కాబట్టే.

సర్కారు కూడా పాఠం నేర్చుకుంది. అక్టోబరులో రాజు అడ్డతీగల ఠాణాకు వెళ్ళేసరికి అక్కడ తుపాకులు లేవు. ముందే తరలించేశారు. కొద్దిమంది కాపలా ఉన్న మారుమూల ఠాణాలో ఆయుధాలు పోగుచేసి పెట్టడం ప్రమాదమని వాళ్ళకు అప్పటికి తెలిసివచ్చింది. తుపాకీని ఎక్కడ ఉంచాలి, ఎంతమంది కాపలా ఉంటే ఎన్ని ఉంచాలి అనేది ఈనాటికీ పోలీసు శాఖ ఆలోచించే సంగతే. ఆ ప్రశ్న మన కొండల్లోనే గట్టిగా లేచింది.

దామనపల్లి ఘాటీలో ఆగిన వేలు

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో సర్కారు దళం వస్తోంది. పైన పొదల్లో రాజు మనుషులు ఉన్నారు. ముందు నడిచిన దేశీయ సిపాయిలను పోనిచ్చారు. తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ కనబడ్డాక కాల్చారు. ఇద్దరూ చనిపోయారు.

చావును మేం గొప్పగా చెప్పుకోవడం లేదు. ఆ ఇద్దరికీ ఇళ్ళు ఉండే ఉంటాయి. ఇక్కడ మేం చూడమంటున్నది వేలి సంగతి. చేతిలో నింపిన తుపాకీ ఉంది. ఎదురుగా శత్రువు కొలువులో ఉన్న మనిషి నడుస్తున్నాడు. ఒక్కడు తొందరపడి పేల్చినా అంతా తారుమారవుతుంది. అయినా ఎవరూ పేల్చలేదు. అతను మనవాడే, కడుపు కోసం వచ్చాడు అన్న తేడా అందరి మనసుల్లో ఉంది కాబట్టి వేలు ఆగింది. ఇంకో సంగతి, ఆ తూటాలు ఏజెన్సీలో తయారయ్యేవి కావు. ఒకటి పేలితే ఒకటి తగ్గినట్టే. ప్రతి తూటాకూ విలువ కట్టి వాడక తప్పలేదు.

ఈనాడు పోలీసు శిక్షణలో ఫైర్ కంట్రోల్ అని చెప్పేది ఇదే. ఆజ్ఞ లేనిదే పేల్చకూడదు, ఎవరి మీద పేలుస్తున్నావో తెలియనిదే పేల్చకూడదు, ఎదుటివాడి వెనుక ఎవరున్నారో చూడనిదే పేల్చకూడదు. ఈ పాఠం మన పిల్లలు ట్రైనింగ్ కాలేజీలో వింటారు. దాని కథ మాత్రం వాళ్ళ తాతల ఘాటీలోనే ఉంది.

ఇంద్రవెల్లి: తూటాకు లెక్క, మనిషికి?

ఆ వేలు ఆగని రోజు కూడా మన చరిత్రలో ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన ముప్ఫై నాలుగో ఏట, 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి. సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది. భూములకు పట్టాలు కావాలి, షావుకార్ల దోపిడీ ఆగాలి అన్నదే వాళ్ళ అడుగు. సభకు అనుమతి రద్దయింది. ఆ కబురు గూడేలకు చేరేలోపే గోండులు, కొలాములు నడిచి వచ్చేశారు. సభకు వచ్చినవాళ్ళు, సంతకు వచ్చినవాళ్ళు ఒకే జనంగా ఉన్నారు. పోలీసులు కాల్చారు. సర్కారు 13 మంది చనిపోయారని చెప్పింది. గోండులూ హక్కుల సంఘాలూ చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు.

కాల్పులు జరిగితే ఎన్ని రౌండ్లు పేల్చారో పోలీసు శాఖ రాసుకోవాలి. ఎవరు ఆజ్ఞ ఇచ్చారు, ముందు హెచ్చరించారా, ఎవరి తుపాకీలోంచి ఎన్ని పేలాయి, ఎన్ని మిగిలాయి అన్నీ కాగితం మీదికి రావాలి. మిగిలిన తూటాలు బెల్ ఆఫ్ ఆర్మ్స్‌కు తిరిగి వెళ్ళాలి. కానీ ఇంద్రవెల్లిలో ఎంతమంది మనుషులు ఇంటికి తిరిగి వెళ్ళలేదో ఈనాటికీ ఒక ఒప్పుకున్న లెక్క లేదు. ఇత్తడి గుల్లకు ఉన్న రిజిస్టరు ఆ రోజు గోండు మనిషికి లేకపోయింది. అక్కడ కట్టిన స్తూపాన్ని ఒకసారి కూల్చేశారు, మళ్ళీ కట్టారు. ఏటా ఏప్రిల్ 20న ఆ స్తూపం దగ్గర తలవంచుకోవడానికి కూడా ఎన్నో ఏళ్ళు నిషేధాలు ఉండేవి.

గుంపు మీద బలం వాడే అధికారం ఎవరికి ఉందో చట్టం స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 148వ సెక్షన్. అంతకు ముందు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 129. మెజిస్ట్రేటు గానీ, ఠాణా అధికారి గానీ, ఆయన లేనప్పుడు సబ్ఇన్‌స్పెక్టరుకు తక్కువ కాని అధికారి గానీ ముందు చెదిరిపొమ్మని ఆజ్ఞ ఇవ్వాలి. అంటే భుజాన తుపాకీ ఉన్న ప్రతి కానిస్టేబులూ తనంతట తాను నిర్ణయించుకునే సంగతి కాదు ఇది. యూనిఫాం వేసుకోబోయే మన పిల్లలు ఈ సెక్షన్‌ను కంఠతా పట్టాలి. వేసుకోని పిల్లలు కూడా చదవాలి.

నెలకు మూడు వేలకు తుపాకీ మోసిన కోయ పిల్లలు

ఇంతవరకూ చెప్పిన కథల్లో తుపాకీ బయటివాడి చేతిలో ఉంది. గోదావరికి, శబరికి అవతల, దంతేవాడ, బీజాపూర్ ఊళ్ళల్లో కథ మారింది. అక్కడ మాట్లాడేది మన కోయ మాటే. మన చుట్టాలు అక్కడున్నారు, వాళ్ళ చుట్టాలు ఇక్కడున్నారు.

2005 జూన్‌లో అక్కడ సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులను ఎదుర్కోవడానికి ప్రజలే లేచారని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం చెప్పింది. వందల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. ఆ కాలంలోనే ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా, అంటే ఎస్పీవోలుగా తీసుకుని చేతికి తుపాకులు ఇచ్చారు. వీళ్ళల్లో కొందరికి కోయ కమాండోలు అని పేరు. నెలకు 3,000 రూపాయల గౌరవ భృతి. అయిదో తరగతి చదివితే చాలు. శిక్షణ రెండు నెలలు. ఆ రెండు నెలల్లోనే తుపాకీ పట్టడం, ప్రథమ చికిత్స, కవాతు, చట్టం అన్నీ. శిక్షాస్మృతి, సాక్ష్య చట్టం లాంటివన్నీ కలిపి 24 పీరియడ్లు. మానవ హక్కులు, రాజ్యాంగం 12 పీరియడ్లు. పీరియడ్ అంటే ఒక గంట. బడిలో పాఠం చెప్పే మన టీచర్లకు తెలుసు, అయిదో తరగతి చదివిన పిల్లవాడికి 12 గంటల్లో రాజ్యాంగం ఎంత ఎక్కుతుందో.

2007లో నందినీ సుందర్, రామచంద్ర గుహ, మన విశాఖపట్నంలో ఉండే ఇ.ఎ.ఎస్. శర్మ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్ తీర్పు ఇచ్చారు. సుదర్శన్ రెడ్డి తెలుగు నేల నుంచి వెళ్ళిన న్యాయమూర్తి. చదువు సరిగ్గా లేని పేద ఆదివాసీ యువకులను చాలీచాలని శిక్షణతో, తక్కువ డబ్బుతో, పోలీసు చేయవలసిన పనిలోకి తుపాకీ ఇచ్చి దింపడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని తేల్చారు. వాళ్ళకు ఇచ్చిన తుపాకులన్నీ వెనక్కి తీసుకోవాలని ఆదేశించారు. ఇప్పుడు పనిలో ఉన్నవాళ్ళ దగ్గరా, మానేసిన వాళ్ళ దగ్గరా కూడా.

ఆ చివరి మాట మీద మనం కాసేపు ఆగాలి. మానేసినవాడి దగ్గర కూడా తుపాకీ ఉండే వీలుంటేనే కదా కోర్టు ఆ మాట రాయవలసి వచ్చింది! ఇంకో ప్రమాదం కూడా కోర్టు చూసింది. రేపు ఈ పిల్లలను పని మానిపిస్తే వాళ్ళు తుపాకీ తిరిగి ఇస్తారా? ఇస్తే ప్రాణం ఎవరు కాపాడతారు? ఒకపక్క మావోయిస్టులు, ఒకపక్క ఊరివాళ్ళ కోపం, ఒకపక్క సర్కారు. ఇవ్వకపోతే తుపాకులతో అడవిలో తిరిగే యువకులు అవుతారు. 2004 నుంచి 2011 వరకు 173 మంది ఎస్పీవోలు చనిపోయారని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే కోర్టుకు చెప్పింది. ఆ 173 మంది కూడా ఎవరో తల్లులు కన్న పిల్లలే, ఎక్కువమంది మన మాట మాట్లాడే పిల్లలే. వాళ్ళ తుపాకుల వల్ల ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళూ మనవాళ్ళే.

తుపాకీ ఇచ్చే రోజునే వెనక్కి తీసుకునే రోజు గురించి కూడా ఆలోచించాలి. అది ఆలోచించని చోట తుపాకీ ఇవ్వడం అంటే ఒక పిల్లవాడిని అందరికీ శత్రువుగా నిలబెట్టడమే. తీర్పు తరువాత ఆ రాష్ట్రం కొత్త చట్టం చేసి సహాయక సాయుధ పోలీసు దళం ఏర్పాటు చేసింది, పాత ఎస్పీవోలు చాలామంది అందులోకి వెళ్ళారు. పేరు మారింది, జీతం పెరిగింది. తీర్పు అడిగిన ప్రశ్నలు మాత్రం ఎక్కడ ఆదివాసీ పిల్లల చేతికి తుపాకీ ఇచ్చినా అక్కడ మళ్ళీ అడగవలసినవే.

నది దాటి వచ్చిన కథ

ఆ రోజుల్లో ఊళ్ళు వదిలి పారిపోయినవాళ్ళు వేలమంది నది దాటి పాత ఖమ్మం జిల్లా అడవుల్లోకి, ఇంకా ఇవతలికి వచ్చారు. వాళ్ళనే ఇక్కడ గుత్తికోయలు అంటున్నారు. రేషన్ కార్డు లేదు, కుల సర్టిఫికెట్ లేదు, పోడు భూమికి హక్కు లేదు. అడవిలో గుడిసె వేస్తే ఫారెస్టువాళ్ళు పీకేస్తారు, మళ్ళీ వేస్తారు.

2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ప్లాంటేషన్ దగ్గర జరిగిన గొడవలో గుత్తికోయల చేతిలో ఒక ఫారెస్టు రేంజ్ అధికారి చనిపోయాడు. అది తప్పు. ఆ ఇంటి దుఃఖం మన దుఃఖంగానే మేం చూస్తున్నాం. ఇద్దరు చేసిన పనికి గుత్తికోయలందరినీ దోషులుగా చూడడం మరో తప్పు. ఆ చావు తరువాత అటవీ ఉద్యోగులు మాకు కూడా తుపాకులు ఇవ్వాలని గట్టిగా అడిగారు. ఒంటరిగా అడవిలో తిరిగే బీట్ ఆఫీసరు భయం మనకు అర్థం కానిది కాదు. ఆ ఉద్యోగాల్లో మన పిల్లలూ ఉన్నారు. నల్లమలలో పులుల అడవికి కాపలా కాసే చెంచు వాచర్లు తుపాకీ లేకుండానే తిరుగుతున్నారు.

ఈ వరస చూడండి. దంతేవాడలో లెక్క లేకుండా ఇచ్చిన తుపాకీ ఊళ్ళను ఖాళీ చేయించింది. ఖాళీ అయిన ఊళ్ళ మనుషులు ఇక్కడికి వచ్చారు. ఇక్కడ భూమి దగ్గర గొడవ. గొడవలో చావు. చావు తరువాత మళ్ళీ తుపాకీ కావాలన్న మాట. తుపాకీ ఇవ్వాలా వద్దా అని తేల్చే అధికారం మన చేతిలో లేదు. కానీ ఇస్తామంటే అడగవలసిన ప్రశ్నలు మన దగ్గర ఉన్నాయి. ఎన్నాళ్ళ శిక్షణ? తుపాకీ ఎక్కడ దాస్తారు? ఊరికి దూరంగా ఉన్న బీట్ క్వార్టర్లో తాళం ఎవరి దగ్గర? పోడు కొట్టే మనిషి ఎదురైనప్పుడు దాన్ని ఎప్పుడు ఎత్తవచ్చు, ఎప్పుడు ఎత్తకూడదు? పేలితే విచారణ ఎవరు చేస్తారు? ఆ రిజిస్టరు గ్రామసభ అడిగితే చూపిస్తారా?

యూనిఫాం వేసుకోబోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

మీరు ఉద్యోగంలోకి వెళ్ళాక అన్నీ అక్కడివాళ్ళే నేర్పుతారు. అయినా మీ అన్నలుగా, అక్కలుగా కొన్ని మాటలు చెప్పి పంపుతాం.

చేతిలోకి వచ్చిన ప్రతి తుపాకీ నిండే ఉందని అనుకోండి. ఇప్పుడే ఖాళీ చేశాను అని పక్కవాడు చెప్పినా నమ్మకండి, మీరే చూసుకోండి. గొట్టం మూతి మనిషి వైపు తిప్పకండి, నవ్వులాటకు అసలే వద్దు. కాల్చవలసిన క్షణం వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి.

డ్యూటీ దిగి తుపాకీ ఖాళీ చేసేటప్పుడు వరస తప్పకూడదు. మూతిని ఇసుక బస్తాల వైపు పెట్టి, ముందు మ్యాగజైన్ తీసేయాలి. ఆ తరువాతే బోల్టు లాగి, ఛాంబర్లో ఉన్న రౌండును బయటికి తీయాలి. కంటితో చూడాలి, చీకటైతే వేలితో తడిమి చూడాలి. మ్యాగజైన్ తీయకుండా బోల్టు లాగితే ఒక రౌండు బయటికి వచ్చి, వదలగానే ఇంకోటి లోపలికి పోతుంది. మ్యాగజైన్ తీసి ఛాంబర్ చూడకపోతే అందులో ఒకటి మిగిలిపోతుంది. ఖాళీ అనుకున్న తుపాకీ పేలిందని పేపర్లో చదివే వార్తల వెనుక ఎక్కువగా ఈ మరుపే ఉంటుంది. పోయేది తుడుస్తున్నవాడి ప్రాణమో, పక్క మంచం మీద పడుకున్నవాడి ప్రాణమో.

సంతకం పెట్టేముందు నంబరు చూడండి, రౌండ్లు లెక్కపెట్టండి. పెద్దాయన తొందరపెడుతున్నాడని గుడ్డిగా సంతకం చేస్తే రేపు తగ్గిన రౌండు మీ నెత్తిన పడుతుంది. ఆ సంగతిలో చిన్న ఉద్యోగి, అందులోనూ ఏజెన్సీ నుంచి వచ్చిన ఉద్యోగి, తొందరగా దొరికిపోతాడు. తాగినప్పుడు, కోపంలో ఉన్నప్పుడు, ఇంటి దగ్గర బాధ ఉండి మనసు బాగా లేనప్పుడు తుపాకీ దగ్గర ఉండకూడదు. నాకు ఇవాళ ఆయుధం వద్దు సార్ అని అడగడం సిగ్గుపడే సంగతి కాదు. అలా అడిగిన తోటివాడిని ఎగతాళి చేయకండి. సెలవు ఇప్పించండి, పక్కన కూర్చోండి.

ఊరికి సెలవు మీద వచ్చినప్పుడు ఆయుధం ఊసు ఎత్తకండి. జాతర్లో గొప్ప కోసం ఫొటో దిగకండి. తుపాకీ ఉన్నవాడిగా కాకుండా ఊరి బిడ్డగా రండి.

టీచర్లకు ఒక మాట

మన బడుల్లో చింతపల్లి దాడి గురించి పాఠం చెప్పేటప్పుడు 26 తుపాకులు అనే అంకెతో ఆపకండి. ఆ అంకె ఎలా మిగిలిందో పిల్లలను అడగండి. రాసినవాడు ఎవరు, ఎందుకు రాశాడు, రాయకపోతే ఏమయ్యేది అని మాట్లాడించండి. ఇంద్రవెల్లి చెప్పేటప్పుడు 13 అనే అంకె పక్కన గోండు పెద్దలు చెప్పే లెక్క కూడా బోర్డు మీద రాయండి. రెండు అంకెలకూ మధ్య ఉన్న ఖాళీ కూడా చరిత్రే అని పిల్లలకు తెలియాలి. ఆ ఖాళీలో ఉన్నవాళ్ళ పేర్లు వాళ్ళ గూడేల్లోనే దొరుకుతాయి. పేరు, ఊరు, ఇంటిపేరు, వయసు. ఒక నోటుపుస్తకం చాలు. ఇంద్రవెల్లి చుట్టుపక్కల బడుల పిల్లలు తమ తాతల దగ్గర కూర్చుని ఆ పని మొదలుపెట్టవచ్చు. 1981లో ఇరవై ఏళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు అరవై దాటాయి. ఆలస్యమైతే చెప్పేవాళ్ళు ఉండరు.

సర్కారు తన తుపాకీకి లెక్క రాసుకుంటుంది, రాయాలి, రాసిందో లేదో అడిగే హక్కు మనకుంది. మన మనుషుల లెక్క మాత్రం మనమే రాసుకోవాలి.